తల తెగితే యు/ఎ, పాఠం చెబితే ఎ

2023 ఆగస్టు రెండో వారంలో దేశంలోని థియేటర్లు చాలాకాలం తర్వాత కళకళలాడాయి. 10వ తేదీన రజనీకాంత్ ‘జైలర్’ వచ్చింది. మరుసటి రోజు సన్నీ దేఓల్ ‘గదర్ 2’, అక్షయ్ కుమార్, పంకజ్ త్రిపాఠీ నటించిన ‘ఓఎంజీ 2’ వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో ‘జైలర్’కు పిల్లాపాపలతో సహా కుటుంబాలు కదిలాయి. ఈ మూడింటిలో సెన్సార్ బోర్డు పెద్దలకు మాత్రమే అని ముద్ర వేసింది ఒక్కదానికే. కత్తి వేటుకు మనిషి తల ఎగిరిపడే ‘జైలర్’కు యు/ఎ వచ్చింది. సరిహద్దు అవతల శత్రువుల్ని చితకబాదే ‘గదర్ 2’కూ యు/ఎ వచ్చింది. బడిలో లైంగిక విద్య చెప్పకపోవడం వల్లే తన కొడుకు నలుగురిలో నవ్వులపాలయ్యాడని కోర్టుకెక్కిన ఒక తండ్రి కథ ‘ఓఎంజీ 2’కు మాత్రం, బోలెడు మార్పులు చేయించాక కూడా, ఎ సర్టిఫికెట్టే దక్కింది. ఆ సినిమా ఏ వయసు పిల్లల గురించి తీశారో ఆ వయసు పిల్లలకే థియేటర్ గేటు మూసుకుంది.

ఇది ఒక అధికారి పొరపాటో, ఒక వారం జరిగిన విడ్డూరమో అయితే మరిచిపోవచ్చు. 2015లో జేమ్స్ బాండ్ చిత్రం ‘స్పెక్టర్’ భారత్‌కు వచ్చినప్పుడు పహ్లాజ్ నిహలానీ అధ్యక్షతన ఉన్న బోర్డు ముద్దు సన్నివేశాల నిడివిని సగానికి తగ్గించమంది. బాండ్ చంపిన మనుషుల లెక్కను సగానికి తగ్గించమని ఎవరూ అడగలేదు. సోషల్ మీడియాలో ‘సంస్కారీ జేమ్స్ బాండ్’ అని వారం రోజులపాటు నవ్వుకున్నారు. పదేళ్లు గడిచాయి. బోర్డు అధ్యక్షుడు మారారు, చట్టానికి సవరణ జరిగింది, వయసును బట్టి యుఎ 7+, 13+, 16+ అనే కొత్త తరగతులు వచ్చాయి. 2025 జులైలో ‘సూపర్‌మ్యాన్’ యుఎ 13+ కింద విడుదలైంది. అందులోంచి 33 సెకన్ల ముద్దును తీసేశారు. నగరం నగరమే కూలిపోయే ఘట్టాలు అలాగే ఉన్నాయి. పదమూడేళ్లు దాటిన పిల్లవాడు భవనాలు కుప్పకూలడం చూడవచ్చు, ఇష్టపడి పెళ్లి దాకా వెళ్లగల ఇద్దరు మనుషులు ముద్దు పెట్టుకోవడం మాత్రం చూడకూడదన్నమాట.

పిల్లల కోసం జాగ్రత్త పడుతున్నారని సర్దిచెప్పుకోవచ్చు. కానీ పెద్దలకే అని ముద్ర వేసిన సినిమాల దగ్గర ఆ వాదన నిలవదు. సందీప్ రెడ్డి వంగా తీసిన ‘యానిమల్’కు 2023లో ఎ సర్టిఫికెట్ ఇచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండనివారు లోపలికి రాకూడదు. అయినా బోర్డు సూచించిన మార్పుల్లో హీరో, అతని ప్రియురాలి మధ్య సన్నిహిత దృశ్యంలోని క్లోజప్ షాట్లను తీసేయమన్నది ఒకటి. గొడ్డళ్లతో, భారీ మెషిన్‌గన్‌తో హోటల్ నిండా శవాలు పరిచే పోరాటం తెర మీద చాలాసేపు నడిచింది. ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’కు 2015లో ఎ సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు, నిర్మాతలు తామే కొన్ని దృశ్యాలు తగ్గించి పంపినా సరే. హింస ఎక్కువైతే సినిమా పై తరగతికి వెళుతుంది. శృంగారం ఎక్కువైతే పై తరగతిలోనూ కత్తెర పడుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. మొదటిదాని విషయంలో ప్రేక్షకుడికి ఒక వయసొచ్చాక స్వయంగా నిర్ణయించుకోగలడన్న నమ్మకం ఉంది. రెండోదాని విషయంలో ఏ వయసుకూ ఆ నమ్మకం లేదు.

నిజానికి 1991 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చదివితే రెండింటినీ సమానంగానే అదుపు చేస్తున్నట్టు కనిపిస్తుంది. హింసలాంటి సంఘవ్యతిరేక చర్యలను గొప్పగా చూపరాదని వాటిలో ఉంది. స్త్రీలను కించపరిచే దృశ్యాలు ఉండరాదని ఉంది. అశ్లీలత మనోభావాలను గాయపరచరాదనీ ఉంది. ఈ మాటల్ని అక్షరాలా పాటిస్తే గత ముప్పయ్యేళ్ల పెద్ద హీరోల సినిమాల్లో చాలా భాగం బయటికి వచ్చేవి కావు. కానీ హింస గురించిన వాక్యంలో ఒక సందు ఉంది. ‘అనవసరమైన’, ‘తప్పించదగిన’ క్రూర దృశ్యాలు వద్దంటుంది మార్గదర్శకం. అంటే అవసరమైన హింస ఒకటి ఉందని ముందే ఒప్పుకున్నట్టు. హీరో చెల్లెల్ని చంపారు కాబట్టి హీరో నలభై మందిని నరకడం కథకు అవసరం. ఈ అవసరాన్ని సృష్టించడం రచయితకు పది నిమిషాల పని.

సినిమా చట్టం దాటి బయటికొస్తే తేడా ఇంకా స్పష్టం. అశ్లీలత భారతదేశంలో నేరం. పాత శిక్షాస్మృతిలో 292వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 294, ఐటీ చట్టంలో 67, స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం ఒకటి అదనం. క్రూరత్వాన్ని చూపడం, దాన్ని ఉత్సవంలా చూపడం నేరమనే సాధారణ సెక్షన్ ఏదీ వీటి సరసన లేదు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలో 18 ఓటీటీ వేదికలను, 2025 జులైలో మరో 25 యాప్‌లు, సైట్లను నిలిపివేయించింది. రెండుసార్లూ చెప్పిన ప్రధాన కారణం అశ్లీలతే. ఆ వేదికల్లో చాలావాటి సరుకు చౌకబారుదే, దాని కోసం ఎవరూ కన్నీరు పెట్టుకోనక్కర్లేదు. అయితే రాజ్యం దగ్గర ఒక రోగానికే మందులున్నప్పుడు కనిపించిన ప్రతి రోగికీ ఆ మందే రాస్తుంది.

ఈ మందు మన వైద్యుడు కనిపెట్టింది కూడా కాదు. ఏది అశ్లీలం అని తేల్చడానికి భారత న్యాయస్థానాలు దశాబ్దాల పాటు 1868 నాటి ‘హిక్లిన్’ అనే ఇంగ్లండ్ తీర్పులోని కొలబద్దను వాడాయి. బలహీన మనస్కుల్ని చెడగొట్టగలదా అన్నదే దాని పరీక్ష. ‘లేడీ చాటర్లీస్ లవర్’ అమ్మిన బొంబాయి పుస్తక విక్రేత శిక్షను 1964లో సుప్రీంకోర్టు ఆ కొలతతోనే ఖాయం చేసింది. దాన్ని పక్కనపెట్టి సమకాలీన సమాజ ప్రమాణాలను చూడాలని అదే కోర్టు చెప్పడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ చరిత్ర మరీ దగ్గరిది. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. కందుకూరి వీరేశలింగం అంతటి సంస్కర్త కూడా ఆ కావ్యంలో ఒక స్త్రీ అలాంటి మాటలు రాయడాన్ని తప్పుపట్టారు. మగకవుల శృంగార ప్రబంధాలు అప్పటికే పాఠశాలల్లోనూ పండితుల ఇళ్లలోనూ ఉన్నాయి. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఇదంతా ‘మన సంస్కృతి’ అని గుండెలు బాదుకునేవారు ఆ సంస్కృతిలో ఏ భాగం తంజావూరుది, ఏ భాగం విక్టోరియా రాణిది అన్న లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

తెర మీదా అదే జరిగింది. 1933లో ‘కర్మ’లో దేవికా రాణి, హిమాంశు రాయ్‌ల ముద్దు ఎంత దీర్ఘమో సినిమా చరిత్రకారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వాతంత్ర్యం తర్వాత ముద్దు మాయమై రెండు పువ్వులు తలలు తాటించుకోవడం మొదలైంది. జస్టిస్ జి.డి. ఖోస్లా కమిటీ 1969లో, కథకు అవసరమైతే ముద్దునూ నగ్నతనూ అనుమతించవచ్చని నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక అలమారాలోకి వెళ్లింది. పువ్వులు కొనసాగాయి. వాటితోపాటు అదే దశాబ్దాల హిందీ, తెలుగు సినిమాల్లో ఇంకొకటి దర్జాగా కొనసాగింది. అది మానభంగం సీను. విలన్ పాత్రధారులకు దానిలో ‘స్పెషలిస్టు’లన్న పేరు కూడా వచ్చేది. ఇద్దరి ఇష్టంతో జరిగే ముద్దు కత్తెరకు బలైతే, ఒకరి ఇష్టం లేకుండా జరిగేది విరామానికి ముందు వచ్చే తప్పనిసరి మలుపుగా స్థిరపడింది.

కాబట్టి ఈ సమాజం హింసను భరిస్తుంది, శృంగారాన్ని భరించదు అనే వాక్యం సగమే నిజం. భరించని శృంగారం ఏది, భరించే హింస ఏది అని అడిగినప్పుడే మిగతా సగం బయటపడుతుంది.

2017లో ‘అర్జున్ రెడ్డి’ విడుదల సమయంలో కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాద్‌లో ఆ సినిమా పోస్టర్‌ను చించేశారు. అందులో హీరో హీరోయిన్లు ముద్దు పెట్టుకుంటున్నారు. యువత చెడిపోతుందన్నది ఆయన బాధ. సినిమా మొదట్లోనే హీరో ఒక స్త్రీని కత్తితో బెదిరించి బట్టలు విప్పమంటాడు. తర్వాత తాను ప్రేమించిన అమ్మాయి చెంప మీద కొడతాడు. ఆ చెంపదెబ్బ మీద పత్రికల్లో, విశ్వవిద్యాలయాల్లో చర్చ జరిగింది, ముఖ్యంగా హిందీలో ‘కబీర్ సింగ్’ వచ్చాక. కానీ దానికోసం రోడ్డెక్కి పోస్టర్లు చించిన నాయకుడు కనపడలేదు. పోస్టర్ మీద ఉన్నది, నిజానికి, ఆ కథలో ఇద్దరికీ సమ్మతమైన కొద్ది క్షణాల్లో ఒకటి.

అదే ఏడాది ‘లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా’కు బోర్డు సర్టిఫికెట్ నిరాకరించింది. సినిమా స్త్రీల వైపు నుంచి ఉందని, వారి ఊహాలోకాలు జీవితాన్ని మించిపోయాయని కారణంగా రాసింది. అధికారిక లేఖలో ఇంత నిజాయితీ అరుదు. ఐటెం సాంగ్‌లో నర్తకి నడుము మీద కెమెరా మూడు నిమిషాలు తిరిగితే అది యు/ఎ వినోదం. ఎందుకంటే అక్కడ కోరిక చూసేవాడిది. యాభై దాటిన ఒక స్త్రీ తన గదిలో చవకబారు నవల చదువుకుంటే అది బోర్డు దాకా వెళ్లే సమస్య. ఎందుకంటే అక్కడ కోరిక ఆమెది. 1998లో ‘ఫైర్’ ఆడుతున్న బొంబాయి థియేటర్ల మీద శివసేన కార్యకర్తలు దాడి చేసినప్పుడూ ఇదే తంతు. ఇద్దరు స్త్రీల ప్రేమను చూడలేక అద్దాలు పగలగొట్టినవారి హింస వార్తల్లో ‘నిరసన’ అయింది.

హింస వైపు కూడా ఇలాంటి గీతే ఉంది. సంధ్యా సూరి తీసిన ‘సంతోష్’ బ్రిటన్ తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది. ఉత్తరాదిలో ఒక దళిత బాలిక హత్య, పోలీసు స్టేషన్లో జరిగే చిత్రహింస దాని కథ. 2025లో బోర్డు దాన్ని ఆపేసింది. రక్తం ఎక్కువైందని కాదు, పోలీసుల్ని చూపిన తీరు నచ్చక. తెలుగు ‘టెంపర్’కు రీమేక్‌గా 2018లో వచ్చిన ‘సింబా’లో పోలీసు హీరో అత్యాచార నిందితుల్ని స్టేషన్లోనే కాల్చిపడేస్తాడు. దానికి యు/ఎ వచ్చింది, థియేటర్లలో ఈలలు పడ్డాయి. రెండింట్లోనూ పోలీసు హింసే ఉంది. ఒకటి ప్రేక్షకుడిని ఇబ్బంది పెడుతుంది, రెండోది తృప్తి పరుస్తుంది. బోర్డు ఆపేది ఇబ్బంది పెట్టేదాన్ని.

ఈ తృప్తి తెర దగ్గరే ఆగలేదు. ‘సింబా’ వచ్చిన ఏడాదికి, 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసుల మీద జనం పూలు చల్లారు. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. సినిమా చూసి జనం అలా తయారయ్యారనడం తొందరపాటు. సినిమా, జనం ఒకే నమ్మకాన్ని పంచుకున్నారనడం మాత్రం పొరపాటు కాదు. సరైనవాడి చేతిలో ఉన్న హింస న్యాయమే అన్నది ఆ నమ్మకం. సంక్రాంతికి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో ‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’ వేటకొడవలి ఎత్తినప్పుడు మూడు తరాల కుటుంబాలు కలిసి చప్పట్లు కొట్టింది ఈ నమ్మకంతోనే. ఆ కొడవలి ఇంటి ఆడపిల్లని, ఇంటిపేరుని, ఊరి మాటని కాపాడుతుంది. అదే ఇంటి ఆడపిల్ల తనకు నచ్చినవాణ్ని కోరుకుంటే ఆ మూడూ కదులుతాయి. కులం తన ప్రాణాన్ని స్వకుల వివాహంలో దాచుకుందని అంబేడ్కర్ 1916లోనే వివరించారు. స్త్రీ కోరికను తెర మీద చూడటానికి జంకే సమాజం దేనికి జంకుతోందో ఆ వ్యాసం చదివితే తెలుస్తుంది.

ఇంత పెద్ద కారణాలతో పాటు ఇంట్లో హాలంత చిన్న కారణం ఒకటుంది. భారతీయ కుటుంబం సినిమాను కలిసి చూస్తుంది. తండ్రి, కూతురు, అత్తగారు, కోడలు ఒకే సోఫాలో ఉండగా ముద్దు సీను వస్తే రిమోట్ వెతుకుతారు, మంచినీళ్లకు లేస్తారు. పేగులు బయటికొచ్చే సీనులో ఎవరూ లేవరు. హింస చూసేవాణ్ని సిగ్గుపడనివ్వదు, ఎందుకంటే ఆ కోపం తనదని ఒప్పుకోవడంలో మర్యాద పోదు. ఇంకో తేడా కూడా న్యాయంగా చెప్పుకోవాలి. తెర మీద రక్తం రంగునీళ్లని అందరికీ తెలుసు. ముద్దు మాత్రం ఇద్దరు నటుల మధ్య నిజంగానే జరుగుతుంది. దాని మూల్యం చెల్లించేది ఎక్కువగా నటి. ఫైట్ మాస్టర్లకు దశాబ్దాల అనుభవం, యూనియన్లు, తాళ్లు, పరుపులు ఉన్నాయి. సన్నిహిత దృశ్యాల చిత్రీకరణలో నటుల సమ్మతిని చూసుకునే ఇంటిమసీ కోఆర్డినేటర్ అనే ఉద్యోగం ఈ దేశంలో వినిపించి ఇంకా పదేళ్లు కాలేదు.

ఈ ధోరణి ఇండియాకే పరిమితం కాదు. పిల్లలకు హింసాత్మక వీడియోగేమ్‌ల అమ్మకాన్ని అడ్డుకున్న కాలిఫోర్నియా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2011లో కొట్టేసింది. నగ్న స్త్రీ బొమ్మ ఉన్న పత్రికను పదమూడేళ్ల పిల్లవాడికి అమ్మకూడదట, అదే స్త్రీని కట్టేసి హింసించే ఆటను మాత్రం అమ్మొచ్చట, ఇదేం తర్కమని జస్టిస్ బ్రేయర్ తన అసమ్మతి తీర్పులో నిలదీశారు. అక్కడా అశ్లీలతకు చట్టపరమైన నిర్వచనం ఉంది, హింసకు లేదు.

ఇటీవల బోర్డు హింస మీద కాస్త కఠినంగా ఉంటున్న సంగతి కూడా గమనించాలి. ‘సలార్’, నాని ‘హిట్ 3’, మలయాళ ‘మార్కో’ ఎ సర్టిఫికెట్‌తోనే వచ్చాయి. టీవీలో వేసుకోవడానికి వీలుగా ‘మార్కో’ను కింది తరగతికి మార్చడానికి బోర్డు ఒప్పుకోలేదు. ఇది మంచి మార్పే. దేన్నీ కత్తిరించకుండా వయసు చెప్పి వదిలేయడం సర్టిఫికేషన్ అన్న మాటకు తగిన పని. అడిగేదల్లా అదే పద్ధతి రెండోవైపూ పాటించమని.

మరోవైపు ‘అసభ్యత’ అన్న ఒక్క గంపలో అన్నిటినీ వేసే అలవాటు వల్ల అసలు ఫిర్యాదు కూడా పలచబడుతోంది. 2025 మార్చిలో తెలుగు సినిమా పాటల్లో స్టెప్పుల మీద తెలంగాణ మహిళా కమిషన్ హెచ్చరిక జారీ చేసింది. ‘రాబిన్‌హుడ్’ నిర్మాతలు ‘అదిదా సర్‌ప్రైజు’ పాటలో వివాదాస్పదమైన స్టెప్‌ను థియేటర్ ప్రింట్‌లో తీసేశారు. స్త్రీని వస్తువుగా చూపడం మీద అభ్యంతరం సబబే. ఆ అభ్యంతరం శరీరం కనపడటం మీదా, ఆమెను అవమానించడం మీదా? రెండోదే అయితే చెంపదెబ్బ కూడా దాని పరిధిలోకి రావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణంతో భర్త భార్యను కొట్టడం సమర్థనీయమేనన్న మహిళలు తెలంగాణలో 84 శాతం దాకా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. దేశం మొత్తానికి ఆ సంఖ్య 45. అర్జున్ రెడ్డి చెంపదెబ్బ ఎవరికీ షాక్ కొట్టకపోవడానికి ఈ సంఖ్యలకూ సంబంధం లేదనడం కష్టం.

ఇక బోర్డు తీర్పు నచ్చనివారికి దారేది? ‘లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా’ను 2017లో బయటపడేసింది ఫిల్మ్ సర్టిఫికేషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్. తక్కువ ఖర్చుతో, సినిమా తెలిసిన సభ్యుల ముందు వాదన వినిపించుకోగల చోటు అది. దాన్ని కేంద్రం 2021 ఏప్రిల్‌లో రద్దు చేసింది. ఇప్పుడు హైకోర్టుకే వెళ్లాలి. రజనీకాంత్ ‘కూలీ’కి హింస కారణంగా ఎ సర్టిఫికెట్ ఇస్తే, యు/ఎ కావాలని సన్ టీవీ నెట్‌వర్క్ 2025 ఆగస్టులో మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది, కానీ అంత దూరం వెళ్లడానికి ఆ సంస్థకు లాయర్లూ డబ్బూ ఉన్నాయి. పోతున్నది పిల్లల టికెట్ల ఆదాయం కాబట్టి వెళ్లడంలో అర్థమూ ఉంది. ఒక ముద్దు కోసమో, ఒక స్త్రీ పాత్ర మాట కోసమో అంత ఖర్చు పెట్టేవారు అరుదు. విడుదల తేదీ దగ్గరపడుతుంటే చిన్న నిర్మాత కోతల జాబితా మీద సంతకం పెట్టేస్తాడు. ‘సూపర్‌మ్యాన్’ లాంటి భారీ చిత్రం కూడా ఆ 33 సెకన్లను వదులుకునే థియేటర్లకు వచ్చింది.